లేని నలుగురు వరుల మీద హంపన్న జరిపిన విచారణ

సామ్రాజ్యాలు కూలడానికి శత్రుసైన్యం అక్కరలేదనీ, వరలక్ష్మీ వ్రతానికి వెండిచెంబు వెతుక్కునే గృహస్థు ఒక్కడు చాలుననీ కిందటి వారం మనం కళ్ళారా చూశాం. బళ్ళారి బ్రూస్‌పేటలో ముప్పై ఏళ్ళుగా చీరల అంగడి నడుపుతూ, సత్యనారాయణపేటలోని సొంత ఇంట్లో ఏ పెట్టెలో ఏముందో ఏనాడూ అడిగి ఎరుగని మల్లికార్జునయ్య శెట్టి, ఆ చెంబు కోసం పండగ సామాన్ల పెట్టె తెరిచాడు. చెంబు దొరకలేదు. నలుగురు మగవాళ్ళు దొరికారు.

నలుగురూ నాలుగు పొడుగు నోటుపుస్తకాల్లో, ఆయన ఒక్కగానొక్క కూతురు పంకజాక్షి గుండ్రని చేతిరాతలో కాపురం ఉన్నారు. ఎర్ర అట్టలో హొసపేట పోలీసు ఇన్‌స్పెక్టరు విక్రమదేవ్. తెల్ల అట్టలో సిరుగుప్ప డాక్టరు ప్రసన్నమూర్తి. పచ్చ అట్టలో కంప్లి దగ్గర కాలవ కింద వరి పండించే కోస్తా రైతుబిడ్డ చెన్నకేశవరావు. సిమెంటు సంచి కాగితపు అట్టలో, తోరణగల్లులో కొత్తగా లేస్తున్న ఉక్కు ఫ్యాక్టరీలో క్రేను నడిపే పాపన్న. నాయకులు ధీరోద్ధతుడు, ధీరశాంతుడు, ధీరలలితుడు, ధీరోదాత్తుడు అని నాలుగు తెగలుగా ఉంటారని మన లాక్షణికులు తేల్చి శతాబ్దాలైంది. ఆ శాస్త్రం పేరైనా వినని ఒక బీకాం పట్టభద్రురాలు, చీరల డబ్బాల రంగు కాగితంతోనూ మైదాపిండి జిగురుతోనూ స్వయంగా అదే సిద్ధాంతానికి చేరుకోవడం మన సంస్కృతి అవిచ్ఛిన్నతకు నిదర్శనం కాక మరేమిటి? నాలుగోవాడి దగ్గరకు వచ్చేసరికి రంగు కాగితం అయిపోయింది. సిమెంటు సంచికి అంతకుమించిన అలంకారశాస్త్ర కారణం లేదు.

అవి నిజానికి ఆట పుస్తకాలు. ఆడే మనిషే అందులో నాయిక. కొన్ని పుటలు చదవగానే అడుగున ఒక ప్రశ్న ఎదురవుతుంది: వాన కురుస్తోంది, ఈయన గొడుగు కిందికి పోతావా, తడుచుకుంటూ ఇంటికి పోతావా? గొడుగైతే పద్నాలుగో పుట తియ్యాలి, తడవడమైతే పంతొమ్మిదో పుట. అలా మనసు పోయిన చోటికల్లా పుట తిప్పుతూ పోతే ఒక దారి కల్యాణమంటపానికి, ఒక దారి కన్నీళ్ళకు, మరో దారి ఏ హగరిబొమ్మనహళ్ళిలోనో టీచరుద్యోగానికి చేరుతుంది. చేరినాక నాయకుడికి మార్కులు వెయ్యాలి. మాటతీరుకు ఇరవై, ఓపికకు ఇరవై, కన్నతల్లికి ఎదురు చెప్పగల ధైర్యానికి ముప్పై, కథ నడకకు ఇరవై, నాయిక వండిన వంకాయ కూర తిని ఏమన్నాడన్నదానికి పది. మగవాళ్ళంతా అంగళ్ళలో ఉండే మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు గంటల మధ్య, వెనక వసారాలో అప్పడాలు ఒత్తుతూ ఆడవాళ్ళ పరిశీలక సంఘం ఏడాదిగా సమావేశమవుతోంది. పక్కింటి నాగక్కకు చదువు రాదు. ఎవరైనా చదివి వినిపిస్తే విని, అందరికన్నా కఠినంగా మార్కులు వేసేది ఆమే. "ఆ డాక్టరు ఉప్పెయ్యని సంగటి మాదిరుండాడు" అని ప్రసన్నమూర్తికి నలభై ఒకటి దగ్గర గీత గీసిన చెయ్యి ఆమెదే.

నాలుగో పుస్తకాన్ని మాత్రం పంకజాక్షి ఎవరికీ చూపలేదు. అది ఇరవైమూడో పుటలో ఆగిపోయింది. మార్కుల పుట ఖాళీగా ఉంది. ఎందుకని అడిగితే, ఇంకా పూర్తికాలేదు అనేది. రచయితలందరూ తమ మీద తమకు నమ్మకం పోయినప్పుడు చెప్పే మాట అదే.

"అవి కథలు నాయనా! ఆడుకునేదానికి రాసినా" అని ఆమె కిందటి వారం తండ్రి ముందు నిజమే చెప్పింది.

"కథా?" అన్నాడు మల్లికార్జునయ్య. "కథలో మొగోడు ఐదడుగుల తొమ్మిదంగుళాలుంటాడా? వాళ్ళమ్మకు ఎడమ మోకాలే నొప్పి అని యా కథలో రాస్తారు? కుడి మోకాలు కాదంట, ఎడమదంట! చూడకుండా ఎవరన్నా రాస్తారా?"

ఒక రచయిత్రికి ఇంతకన్నా ఘనమైన ప్రశంస లేదు, ఇంతకన్నా ఘోరమైన శిక్షా లేదు. సాక్ష్యానికి పిలుద్దామంటే, మార్కులు వేసినవాళ్ళలో పెద్దదిక్కు మల్లికార్జునయ్యకు సొంత అక్క నాగరత్నమ్మ. ఏకాదశి తప్పని మనిషి, ముప్పై ఏళ్ళ వైధవ్యంలో సినిమా పోస్టరు ముందైనా నిలబడలేదని పేరుపడ్డ మనిషి. తాను ఆడే సంగతి బయట పెట్టనని పంకజాక్షి చేత కులదేవత వాసవమ్మ మీద ఒట్టు వేయించుకున్నాకే ఆమె మొదటి పుట తిప్పింది. ఒట్టు ఒట్టే. పంకజాక్షి నోరు మూసుకుంది.

వ్యాపారి కోపం కూడా సరుకు చూడకుండా తెచ్చుకోడు. మల్లికార్జునయ్య ప్రతి పుస్తకంలోనూ మొదటి నాలుగు పుటలు నిలబడే చదివి, పేర్లు, ఊళ్ళు, ఉద్యోగాలు మాత్రం ఒక చీటీ మీద ఎక్కించాడు. పుస్తకాలు నాలుగూ అంగడి ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాడు. చీటీని వరుల విచారణకు పేరుపడ్డ హంపన్న చేతికిచ్చి, ఇంటికొచ్చి కూతురితో ఒకే ఒక మాటన్నాడు.

"ఈ నలుగుర్లో ఒక్కడంటే ఒక్కడు ఊపిరి పీలుస్తాండే మనిషని తేలినాడా, వచ్చే శుక్రవారం ఆదోని గోపాలయ్య కొడుక్కు తాంబూలం ఇచ్చేస్తా. మళ్ళా మాట లేదు."

ఆదోని వరుడికి నూనె మిల్లు ఉంది. పెళ్ళిచూపుల్లో అతను పంకజాక్షిని అడిగింది ఒకటే ప్రశ్న: "మీ ఇంట్లో ఏ నూనె వాడతారు?" ఆ రోజు సాయంత్రం ఆమె కాలెండరు వెనక అతనికి పదిహేడు మార్కులు వేసింది. అందులో ఐదు జాలి మార్కులు.

అయినా ఈ పదిరోజులూ పంకజాక్షి గుండె నిబ్బరంగా ఉంది. నలుగురూ లేరు. హంపన్న వెతుకుతాడు, దొరకరు, లేరని వచ్చి చెబుతాడు, అంతటితో తాను బయటపడుతుంది. సత్యం తన పక్షాన ఉంటే చాలుననుకునే అమాయకులకు మన పురాణాల్లో ఎన్ని అడవులు పట్టాయో ఆమెకు గుర్తుకు రాలేదు.

ఇక ఈ గురువారం మధ్యాహ్నం మూడు గంటలకు హంపన్న వచ్చాడు.

బళ్ళారి, ఆదోని, రాయదుర్గం పరిసరాల్లో వరుడి గుణగణాల విచారణ అనే మహాశాస్త్రానికి హంపన్నను మించిన ఆచార్యుడు లేడు. పంచె మీద నల్లకోటు, చంకలో గొడుగు, భుజాన ఖాకీ సంచి. వరుడి గురించి బంధువులను అడగడు, మంగలిని అడుగుతాడు. ఆస్తి కోసం కాగితాలు చూడడు, దండెం మీద ఆరేసిన తువ్వాళ్ళు చూస్తాడు. మనిషి బస్సెక్కే తీరు కన్నా దిగే తీరులో వంశం తెలుస్తుందని ఆయన సిద్ధాంతం. నలభై ఏళ్ళలో ఆయన మాట మీద ఆగిన పెళ్ళిళ్ళు, జరిగిన పెళ్ళిళ్ళు కలిపి మూడువందలకు తక్కువుండవు.

"మజ్జిగ ఇప్పించు తల్లీ, రెండు లోటాలు" అన్నాడు చెప్పులు విడుస్తూ.

పంకజాక్షి తెచ్చింది. ఒక లోటా అక్కడే గటగటా తాగేశాడు. రెండోది పట్టుకుని అరుగు మీదికి వెళ్ళి, చేతులూపుకుంటూ తిరిగొచ్చాడు. ఆటో అతనికి కాబోలనుకుని ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకోవలసిన విషయాలు అప్పటికి లోపల దండిగా ఉన్నాయి. ముప్పై ఏళ్ళలో మొదటిసారి పట్టపగలు అంగడి గుమాస్తాకు వదిలి వచ్చిన మల్లికార్జునయ్య ఉయ్యాల బల్ల మీద బిగుసుకుని కూర్చున్నాడు. భార్య శారదమ్మ వంటింటి గడప పట్టుకుని నిలబడింది. నాగరత్నమ్మ తన గది తలుపు జానెడు తెరిచి, లోపల జపమాల తిప్పుతోంది. పంకజాక్షి స్తంభానికి ఆనుకుంది.

"చెప్పు హంపన్నా!" అన్నాడు మల్లికార్జునయ్య. "ఉండారా, లేరా?"

హంపన్న చీటీ విప్పి కళ్ళకు దూరంగా పట్టుకున్నాడు. "సావుకారప్పా, హంపన్న పోయినాక లేకుండా యాడికి పోతారు? మొదట సిరుగుప్ప డాక్టరు. ప్రసన్నమూర్తి."

"ఉండాడా?"

"ఉండాడు."

పంకజాక్షి చేయి స్తంభం మీద జారింది.

"మంచోడే. హస్తవాసి ఉండాది. ముసలోళ్ళు మొక్కుతారు. ఒగటే ఐబు" అంటూ హంపన్న గొంతు తగ్గించాడు. "నిద్రలో నడుస్తాడంట. అర్ధరాత్రి లేచి, స్టెతస్కోపు మెడకేసుకొని, వీధిలో యా ఇంటి తలుపు కనపడితే ఆ ఇంటి తలుపుకు పెట్టి వింటాడంట. పొద్దున అడిగితే ఏమీ గొత్తులేదు, తెలియదంటాడు."

ఆ క్షణంలో పంకజాక్షి హృదయంలో రెండు ఉద్వేగాలు ఒకదాన్నొకటి తోసుకున్నాయి. మొదటిది భయం. తన ప్రాణం దక్కించవలసిన ఏకైక వాక్యాన్ని ఈ మనిషి చెప్పడం లేదు, లేని మనిషికి ప్రాణం పోసి తన ప్రాణం తీస్తున్నాడు. రెండోది చెప్పడానికి సిగ్గుపడవలసిన అసూయ. ప్రసన్నమూర్తికి ఏదో ఒక లోపం పెట్టమని పక్కింటి నాగక్క ఆరు నెలలుగా పోరుతోంది. తలుపులకు స్టెతస్కోపు పెట్టి వినే డాక్టరు! తనకు ఎందుకు తట్టలేదు? ఆ ఒక్క ముక్క ఉంటే నలభై ఒకటి కాదు, అరవై దాటేవాడు.

వంటింటి గడప దగ్గర శారదమ్మ "అయ్యో పాపం" అంది. అని, వెంటనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"రెండోవాడు, కంప్లి కాలవ కింది చెన్నకేశవరావు" అంటూ హంపన్న వేలు మడిచాడు. "ముప్పై ఎకరాల మాగాణి, పక్కా. కోస్తా నుంచి వచ్చి, కాలవ కింద క్యాంపు అని ఊరు కట్టుకొని స్థిరపడినోళ్ళు. పాడతాడు గూడా. అయితే ఇదివరకే ఒగ పిల్లతో అంతా ఖాయమయి తప్పిపోయినాదంట, పుష్పావతి అని. ఇప్పటికీ ఆ పిల్లకు పెట్టాల్సిన ఉంగరం మొలతాడుకు కట్టుకొని తిరుగుతాండాడు. అట్లాటోని ఇంట్లో మన పిల్ల సుఖపడదు సావుకారప్పా."

మల్లికార్జునయ్య కళ్ళు మూసుకున్నాడు. "ఇద్దరు" అన్నాడు మెల్లిగా. ఒక్కడు చాలునన్న శపథానికి అప్పటికే రెండింతలు సాక్ష్యం పోగైంది. "చాలు. నాకు చాలు. శారదా, రేపటికి తాంబూలంలో పెట్టేదానికి తమలపాకులు చెప్పు."

"నాయనా..." అంది పంకజాక్షి.

"మాట లేదన్నా గదా."

"ఉండండప్పా, చీటీ పూర్తి కానీండి" అన్నాడు హంపన్న. అర్ధంతరంగా ఆపిన విచారణ ఆయన వృత్తిధర్మానికి విరుద్ధం. "మూడోవాడు హొసపేట ఇన్‌స్పెక్టరు, విక్రమదేవ్. వీని సంగతి చెప్పేదానికే నోరు రాదు. మనిషి చూస్తే రాజు మాదిరుండాడు. కన్నతల్లిని మాత్రం ఇంట్లోకి రానీడంట. ముసలామె వసారాలో పడుంటాది. నడవలేక దేక్కుంటా పోతాంటే కొడుకు చూసి గూడా..."

దడాలున గది తలుపు తెరుచుకుంది.

"నోర్ముయ్ హంపన్నా!"

నాగరత్నమ్మ. తెల్లచీర, చేతిలో జపమాల, కళ్ళలో నిప్పులు. ఆ ఇంట్లో ఆమె గొంతు అంత పైకి లేవడం ఆ గోడలు మొదటిసారి వినడం.

"ఎవర్ని గురించి ఏం మాట్లాడ్తాండావు? విక్రమదేవ్ తల్లిని చూడడా? పదిహేడో పుటలో జోరు వానలో, జీపు చెడిపోతే, ఆ తల్లిని వీపు మీద మోసుకొని రెండు మైళ్ళు ఆస్పత్రికి నడిచినాడు! డ్యూటీకి లేటయిందని పై ఆఫీసరు తిడితే, తల వంచుకొని నిలబడినాడే గాని, అమ్మకు బాగలేదని ఒగ మాట చెప్పలేదు! తెలిసి మాట్లాడు, తెలియకుంటే నోరు మూసుకొని సుమ్నే కూర్చో!"

గోడగడియారం కూడా ఒక క్షణం ఆలోచించినట్టు తోచింది.

"అక్కా!" అన్నాడు మల్లికార్జునయ్య. "పదిహేడో పుటేంది?"

మహాకోటలు బయటి దాడికి పడవనీ, లోపలి నుంచి ఎవరో ఒకరు ధర్మావేశంతో తలుపు తెరుస్తారనీ చరిత్ర చెబుతోంది. నాగరత్నమ్మ తాను ఏం తెరిచిందో అప్పుడు గ్రహించింది. తమ్ముడి ముఖం చూసింది, మేనకోడలి ముఖం చూసింది. జపమాలను చేతికి రెండు చుట్లు చుట్టుకుని, నేల మీద చతికిలబడింది.

"ఒట్టు వేయించుకున్నదాన్ని నేను, విప్పుకునేదీ నేనే. ఆ పుస్తకాలు ఆట మల్లికార్జునా! పంకజ చెప్పింది నిజమే. యాడా యా మొగోడూ లేడు. నేనూ, శారదా, నాగక్కా, దినామూ ఆడ్తాము. మార్కులేస్తాము. విక్రమదేవ్‌కు నేను తొంభై నాలుగు వేసినా."

"తొంభై నాలుగా!" అన్నాడు మల్లికార్జునయ్య. ఆశ్చర్యపోవలసిన విషయాలు అన్ని ఉండగా ఆయన నోటికి అదే అందింది.

"వంకాయ కూరలో ఆరు పోయినాయి. కారం ఎక్కువైందన్నాడు" అంది నాగరత్నమ్మ తల వంచుకుని. తరవాత, తనలో తాను చెప్పుకుంటున్నట్టు, "పదకొండు తూర్లు ఆడినా. పదకొండు తూర్లూ ఆయప్పనే చేసుకున్నా. కన్నీళ్ళ దారి ఉండాదని తెలుసు, ఒక్క తూరి గూడా అట్ల పోలేదు. ఇరవై ఏడేండ్లకు తాళి తెంపినారు నాకు. మీ బావ ముఖం గూడా సరిగ్గా గుర్తులేదురా. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా... ఎవరికి ఏం నష్టం?"

ఈ రచయిత దగ్గర ఎకసెక్కాలు చాలానే ఉన్నాయి గాని, ఈ వాక్యానికి సరిపోయేది ఒకటీ లేదు. కాబట్టి ముందుకు పోదాం.

మల్లికార్జునయ్య చాలాసేపు అక్కను చూశాడు. తరవాత వంటింటి వైపు తిరిగాడు. "శారదా, నువ్వూనా?"

"నేను డాక్టరు పక్షం" అంది శారదమ్మ. ఆమె గొంతులో భయం కన్నా, ఎప్పుడో ఒకప్పుడు అడుగుతారని ఎదురుచూసినట్టు ఒక తేట ఉంది. "డెబ్బై రెండు వేసినా. ఎదుటి మనిషి చెప్పేది చివరి దాకా వింటాడని."

"మరి నాకైతే ఎన్నేస్తావు?"

"మీరు పుస్తకంలో లేరు గదా."

"ఉంటే?"

శారదమ్మ ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. "ఓపిక దగ్గర పోతారు" అంది. "వంకాయ కూర దగ్గర పదికి పది. ఇరవై ఆరేండ్లలో ఒగనాడూ పేరు పెట్టలేదు."

అప్పుడు జరిగింది ఆ ఇంటి చరిత్రలో శిలాశాసనం వేయించదగిన ఘట్టం. మల్లికార్జునయ్య నవ్వాడు. మొదట ముక్కుతో, తరవాత భుజాలతో, చివరికి ఉయ్యాల బల్ల గొలుసులు కిర్రుమనేట్టు. పదిరోజులుగా అంగట్లో చీర మడతలు విప్పుతూ ఏ మడతలో ఏ మగవాడు బయటపడతాడోనని బిక్కుబిక్కుమన్న మనిషి, కూతురి పేరు నలుగురి నోళ్ళలో నానుతోందేమోనని బజారులో తల దించుకు నడిచిన మనిషి, గుండె మీది బండ దొర్లిపోయినట్టు నవ్వాడు. కళ్ళు తుడుచుకుని కూతురిని దగ్గరికి పిలిచాడు.

"అంటే నలుగుర్లో ఒక్కడు గూడా లేడా?"

"లేడు నాయనా!"

"ఒక్కడూ?"

"ఒక్కడూ లేడు. ఎడమ మోకాలి నొప్పి అత్తది. దాన్నే విక్రమదేవ్ తల్లికి పెట్టినా."

"నాదే" అంది నాగరత్నమ్మ, గర్వంగా మోకాలు నిమురుకుంటూ. "చెంబు గూడా నాకాడే ఉండాదిరా, తులసికి నీళ్ళు పోసేదానికి తీసుకున్నా. అడిగుంటే ఇద్దును, ఇంత రామాయణం లేకపోవును."

"ఆయ్తు, సరే" అన్నాడు మల్లికార్జునయ్య. "ఊపిరి పీల్చేవాడు లేనప్పుడు తాంబూలమూ లేదు. గోపాలయ్యకు నేనే కబురు చేస్తా. పుస్తకాలు రేపు తెచ్చిస్తా." ఒక క్షణం ఆగి, "నాకు ఆ తలుపులకు స్టెతస్కోపు పెట్టేది నచ్చినాది. అది గూడా రాయి."

పంకజాక్షికి ఊపిరి అప్పుడు అందింది. పదిరోజుల నిబ్బరం నిబ్బరం కాదనీ, బిగబట్టిన ఊపిరి మాత్రమేననీ అది వదిలినప్పుడు గాని తెలియలేదు. స్తంభం మొదట్లో కూర్చుని అత్త ఒళ్ళో తల పెట్టుకుంది. శారదమ్మ తమలపాకుల మాట మరచి కాఫీకి నీళ్ళు పెట్టింది. ఇంటి మీదికి ఎక్కడి నుంచో వాన వాసన లాంటి చల్లదనం వచ్చింది. బళ్ళారిలో వాన కన్నా వాన వాసనే ఎక్కువ కనక దాన్నే వానగా లెక్కించే ఆచారం మనకుంది.

ఈ మహానంద వేళలో, అందరూ ఒక మనిషిని మరచిపోయారు. ముందుగా జ్ఞాపకం చేసుకున్నవాడు మల్లికార్జునయ్య.

"హంపన్నా!" అన్నాడు. నవ్వు ముఖం మీదే ఉంది గాని గొంతులో లేదు. "లేని డాక్టరు నిద్రలో యాడ నడిచినాడప్పా?"

హంపన్న చీటీని నాలుగు మడతలు పెట్టి, ఒకటొకటిగా విప్పి, మళ్ళీ మడిచాడు. ఆయన ముఖంలో సిగ్గు వెతికేవాళ్ళకు దొరకదు. దొరికింది అలసట.

"సావుకారప్పా, మూడూళ్ళూ తిరిగినా. అబద్ధం కాదు. సిరుగుప్పలో మంగలిని అడిగినా, మందులంగడిలో అడిగినా. అట్లాటి డాక్టరు లేడు. కంప్లిలో క్యాంపులన్నీ నడిచినా. హొసపేటలో రెండు దినాలు పడుకున్నా. ఎవరూ లేరు."

"అదే చెప్పొచ్చు గదా!"

"ఎట్ల చెప్పేది?" హంపన్న తల ఎత్తాడు. "నలభై ఏండ్లలో మనిషి కనపడలేదని ఒక్క ఇంటికి పోయి చెప్పినోణ్ణి కాదు. చెప్తే ఏమంటారు మీరు? ముసలోడయినాడు, బస్సు గూడా ఎక్కలేదు, ఇంట్లో పండుకొని వచ్చి లేరంటాండాడు అంటారు. మంచోడంటే నమ్ముతారు, చెడ్డోడంటే ఇంకా బాగా నమ్ముతారు. లేడంటే మాత్రం ఎవురూ నమ్మరప్పా. అందుకే ముగ్గురికీ తలా ఒగ ఐబు పెట్టినా, సంబంధం దానంతట అది పోతాది, పిల్ల బతుకు చెడదని. మీ శపథం సంగతి నాకెవరు చెప్పినారు?"

ఒక అబద్ధానికి ఇంత నిజాయితీ గల సమర్థన మల్లికార్జునయ్య తన వ్యాపార జీవితంలో వినలేదు. పంకజాక్షికైతే ఆయన మీద కోపం రాలేదు. తన తోటి కళాకారుణ్ణి ఆమె మొదటిసారి చూస్తున్నది. లేని మనుషులకు లోపాలు పెట్టి బతికించే పని ఈ బళ్ళారిలో ఇంకొకరు కూడా చేస్తున్నారు.

"పోనీలే" అన్నాడు మల్లికార్జునయ్య. "నలుగురికీ తలా ఒగటి అల్లినావు, కథ బాగుండాది. కాఫీ తాగి పో."

"నలుగురికి కాదు సావుకారప్పా!" అన్నాడు హంపన్న. "ముగ్గురికే."

శారదమ్మ కాఫీ గ్లాసు భర్త చేతికి అందించబోయి ఆగింది.

"నాలుగో పేరు మీరు చెప్పనీలేదు గదా. తోరణగల్లు పాపన్న. వానికి నేనేమీ అల్లలేదు. మొన్న సాయంత్రం ఫ్యాక్టరీ బస్సులు ఆగేకాడికి పోయినా. ఆడ మారమ్మ అని ఒకామె టీ అమ్ముతాది. క్రేను నడిపే పాపన్న ఎవరమ్మా అన్నా. చెయ్యి చూపిచ్చినాది. అదో, మధ్యాహ్నం అందరూ షెడ్డు కిందికి పోయినా వానలోనే నిలబడినాడే, ఆయప్పే అన్నాది."

"పాపన్న అనే పేరు ఊర్లో నలభైమందికి ఉంటాది" అన్నాడు మల్లికార్జునయ్య, కాస్త తొందరగా.

"నేనూ అట్లే అనుకున్నా. దగ్గరికి పోయి, బళ్ళారి సత్యనారాయణపేట మల్లికార్జునయ్య శెట్టిగారి ఇల్లు తెలుసా అని అడిగినా. బస్సు వచ్చినాది. ఎక్కలేదు. నన్ను పై నుంచి కిందికి చూసినాడు. నవ్వినాడు. నవ్వి, ఒగ మాటన్నాడు. అర్థం నాకు తెలియదు. యథాతథంగా చెప్తాండా." హంపన్న పంకజాక్షి వైపు తిరిగాడు. "'ఇరవైమూడో పుటలో నన్ను బస్‌స్టాపులో నిలబెట్టి పోయింది ఆయమ్మ. వాన ఎప్పుడో నిలిచిపాయ. ఇంక కదలాల్నా, నిలబడాల్నా, కనుక్కొని చెప్పప్పా' అన్నాడు."

నాగరత్నమ్మ మేనకోడలి తల మీద ఉంచిన చేయి తీసింది. "నాలుగో పుస్తకమా?" అంది. "అది నాకే చూపియ్యలేదే నువ్వు."

పంకజాక్షి లేచి నిలబడింది. ఇరవైమూడో పుటలో ఏముందో ఈ భూమండలంలో ఆమెకూ, అంగట్లోని ఇనప్పెట్టెకూ మాత్రమే తెలుసు. వానలో, బస్సు వచ్చినా ఎక్కకుండా, పాపన్న అక్కడ నిలబడి ఉంటాడు. పుట అడుగున ఆమె ఎప్పటిలాగే ప్రశ్న రాసింది. జవాబులకు ఏ పుట తియ్యాలో మాత్రం రాయలేదు, ఆ పుటలు ఆమెకు రాయడం చేతకాలేదు కనక.

మల్లికార్జునయ్య ముఖంలోని నవ్వు ఒక్కో మడతే విప్పుకుంటూ జారిపోయింది. ఆయన తన శపథంలోని మాటనే, ఎంతో జాగ్రత్తగా, పట్టుచీర అంచు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"హంపన్నా! వాడు... ఊపిరి పీలుస్తాండాడా?"

"పీల్చడమేంది సావుకారప్పా!" అన్నాడు హంపన్న. "మజ్జిగ గూడా తాగుతాండాడు. ఇందాక రెండో లోటా ఎవరికనుకున్నారు?"

అరుగు మీద, ఖాళీ లోటా మెల్లిగా కింద పెట్టిన చప్పుడైంది.